మా ముసలాయన స్కానింగు

పరుపు ఎండలో వేయడం నాకు పళ్ళు తోముకోవడంలాంటి పనైపోయింది. మా ఆయన పక్క తడుపుతున్నారని చుట్టుపక్కల తెలియకూడదు కదా. మనవడి బొంత ఒకటి దాని మీద కప్పి, "పసివాడు కదమ్మా" అని ఎవరూ అడగకుండానే చెప్పేదాన్ని. వాడికి మీసాలొస్తున్నా అదే మాట చెబుతున్నాను.

ప్రోస్టేట్ అని మగవాళ్ళకో గ్రంథి ఉంటుందట, వయసుతో పెరిగి మూత్రానికి అడ్డం పడుతుందట. ఆ పేరు మొన్ననే విన్నాను. కానీ స్నానాలగదిలో ఆయన గోడకు తల ఆనించి, ఒక్కో బొట్టు కోసం ముక్కడం ఏళ్ళుగా వింటూనే ఉన్నాను. "డాక్టరుకు చూపించుకుందామండీ" అంటే, "మగవాడి ఒంటి సంగతి నీకెందుకే?" అనేవారు. మళ్ళీ అంటే కంచం తోసేసి లేచేవారు. మా అత్తగారున్నన్నాళ్ళూ ఆవిడదీ అదే పాట: "మొగుడికి వంకలు పెట్టే నోరు నీది." ఆ నోరు మూసుకుని దుప్పట్లు ఉతికాను.

చివరికి మా అబ్బాయి పట్టుబట్టి ఆసుపత్రికి తీసుకొస్తే, ఆపరేషన్‌కు ముందు స్కానింగ్ తీశారు. డాక్టరమ్మ ఆ బొమ్మను తెర మీద పెట్టి చూపించింది.

"గ్రంథి పెద్దదే, తీసేస్తాం. కానీ ఇటు చూడండి. ఏళ్ళ తరబడి తోసి తోసి మూత్రసంచి గోడ మందమైపోయింది, పక్కన తిత్తుల్లా ఉబ్బింది. దానికిక తోసే బలం లేనట్టుంది. అడ్డం తీసినా సంచి దానంతటది ఖాళీ అవుతుందన్న నమ్మకం నాకు లేదు. తర్వాత కూడా గొట్టం వాడాల్సి రావచ్చు."

"ముందే వచ్చుంటే?" అన్నాడు మా అబ్బాయి.

"మందులతో సరిపోయేదేమో."

వాడు గిరుక్కున నా వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వైనా చెప్పొద్దా?"

ఆయన నోరు విప్పుతారేమోనని చూశాను. విప్పారు. "మీ అమ్మకివన్నీ ఏం తెలుస్తాయిరా, పాపం!"

లోపలి తిత్తులన్నీ కనిపెట్టిన ఆ యంత్రానికి, నేను మొత్తుకున్న మాట ఒక్కటీ కనిపించలేదు కాబోలు.

ఇంతలో నర్సు సన్నటి గొట్టం పట్టుకొచ్చింది. వేళకు దాన్ని లోపలికి పెట్టి, సంచి ఖాళీ చేసి తీసేయాలట. శుభ్రం తప్పితే జ్వరాలొస్తాయట. "ఇప్పుడే నేర్చుకుంటే మంచిది. ఇంట్లో ఎవరు నేర్చుకుంటారు?" అంది.

ఆయన, అబ్బాయి, కోడలు ముగ్గురూ నన్నే చూశారు. నేను చేతులు కడుక్కోవడానికి వీలుగా కోడలు నా చేతిసంచి అందుకుంది కూడా.

"అమ్మాయ్, ఇది ఎవరికి వాళ్ళు పెట్టుకోవచ్చా?" అని అడిగాను.

"భేషుగ్గా పెట్టుకోవచ్చు మామ్మగారూ. చేతులు వణక్కపోతే చాలు."

"ఈయన చేతులా? పేకముక్కలు పంచేటప్పుడు చూడాలి నువ్వు."

"ఏమే, ఏంటా వాగుడు?" అని కసిరారాయన.

"అత్తయ్యా, మామయ్య చేసుకోగలరా?" అంది కోడలు.

"నేర్చుకుంటారు. ఆయనకే నేర్పించమ్మా" అని నర్సుతో చెప్పి, కోడలి చేతిలోంచి నా సంచి తీసుకుని, బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాను.

తలుపు వెనక నర్సు, "ముందు చేతులు కడుక్కోండి తాతగారూ" అంటోంది. చాలాసేపటికి కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది.