రాణిగారి గుటక

ఆ సినిమా ఊరి మీద పడి అప్పటికి రెండు నెలలు దాటింది. బొమ్మల సినిమా, అందులోనూ పాటల సినిమా. పిల్లలు చూసి నాలుగు రోజుల్లో మర్చిపోతారనుకుంటే, పెద్దవాళ్ళు కూడా పట్టుకుని వదల్లేదు. బస్సులో కండక్టరు ఆ పాటే ఈల వేస్తాడు. పళ్ళ దుకాణం వాడు కాటా ఎత్తుతూ అదే కూనిరాగం తీస్తాడు. ఇక ఇంట్లో సంగతి చెప్పనే అక్కర్లేదు. ఏడేళ్ళ గువ్వ పొద్దున్నే పళ్ళు తోముకుంటూ నోట్లో నురగతో సహా పాడుతుంది. అది పాడినప్పుడల్లా వంటింట్లో దాని తల్లికి ఒళ్ళు మండుతుంది.

పాట బాగోలేక కాదు. అది పాడింది ఆవిడ చెల్లెలు.

కథ చరిత్రలోదే అన్నారు గాని, అందులో చరిత్ర పాలు బహు తక్కువ. ఎప్పుడో ఒక చిన్న కోటని ఏలిన రాణి. శత్రువులు చుట్టుముట్టారు, లోపల గింజలు నిండుకున్నాయి. జనాన్ని బతికించుకోవడానికి రాణి తనే కోట తలుపు తీసి ఒంటరిగా బయటికి నడిచింది. ఇంతవరకు పుస్తకాల్లో ఉంది. అక్కణ్ణుంచి మాట్లాడే గాడిద ఒకటి వచ్చి సినిమా మొత్తాన్ని వీపు మీద వేసుకుంటుంది. శత్రు సైనికులు రాణితో గొంతు కలిపి, కత్తులు కింద పడేసి, ఎవరిళ్ళకి వాళ్ళు పోతారు. గాడిదకి కూడా ఒక పాటుంది. జనం నవ్వుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ బయటికొస్తారు.

కళ్ళు తుడుచుకునేది మాత్రం ఒకే ఒక్క చోట. రాణి తలుపు గడియ మీద చెయ్యి వేసి, "తలుపు తీసి వెళుతున్నా, వెనక్కి మాత్రం" అని ఆగిపోతుంది. కళ్ళు దించుతుంది. ఒక గుటక వేస్తుంది. మళ్ళీ కళ్ళెత్తి, "చూడను" అంటుంది. అంతే, హాలంతా ముక్కులు చీదుకుంటుంది.

ఆ గుటక ఎక్కణ్ణుంచి వచ్చిందో గువ్వ తల్లికి, అంటే ఆ పాడినామె అక్కకి, తెలుసు.

అక్క పని ట్రాకు పాడటం. బొమ్మల సినిమాలకి ముందు పాట, ఆ తర్వాతే బొమ్మ. ఎవరో ఒకరు పాట పాడిపెడతారు. పాడే మనిషి మొహాన్ని కెమెరాతో తీసి, దాన్ని చూసుకుంటూ బొమ్మలు గీసేవాళ్ళు రాణి నోరు కదిలిస్తారు, కనుబొమలు ఎగరేస్తారు. అంతా అయ్యాక పేరున్న గొంతొకటి వచ్చి, తయారైన బొమ్మ నోటికి అతికేలా అదే పాట మళ్ళీ పాడి వెళుతుంది. తెర మీద పేరు ఆ గొంతుది. ట్రాకు పాడినవాళ్ళకి కూలీ, కప్పు టీ. ఏళ్ళ తరబడి ఆవిడ చేస్తున్నది ఇదే. స్టూడియోలో సొంత పేరు కూడా పోయి, అందరి నోటా "ట్రాకక్క" అయిపోయింది. తన పాట ఇంకొకరు పాడితే ఆవిడ ఎన్నడూ పెద్దగా పట్టించుకోలేదు. వాళ్ళంతా పరాయివాళ్ళు మరి. ఈసారి పాడింది తన వేలు పట్టుకుని మొదటిసారి స్టూడియో గడప తొక్కిన పిల్ల.

రాణి పాట ట్రాకు రోజున సాహిత్యం రెండు కాగితాల మీద రాసిచ్చారు. మొదటి కాగితం సరిగ్గా "వెనక్కి మాత్రం" దగ్గర అయిపోయింది. కాగితం గబుక్కున తిప్పితే ఆ చప్పుడు మైకు పట్టేస్తుంది. అందుకని ట్రాకు పాడేవాళ్ళు ఊపిరి బిగబట్టి, పసిపిల్ల మీది దుప్పటి తీసినంత మెల్లగా తిప్పుతారు. అక్కా అలాగే చేసింది. కళ్ళు దించి, కాగితం తిప్పి, ఎండిపోయిన గొంతుతో గుటక వేసి, రెండో కాగితంలో "చూడను" వెతుక్కుని పాడింది.

"ఇంకోసారి పాడతానండీ, మధ్యలో ఆగిపోయాను" అంది అయ్యాక.

పాటల మాస్టారు గడియారం చూసుకున్నాడు. "ట్రాకేగా తల్లీ, ఎవరు వింటారు" అన్నాడు.

కాగితం సంగతి బొమ్మలు గీసేవాళ్ళకి ఎవరూ చెప్పలేదు. వాళ్ళు ఉన్నదున్నట్టు గీసేశారు. కాబట్టి జనం ఏడుస్తున్న ఆ చోట రాణి కళ్ళు దించింది రాజ్యం కోసం కాదు, రెండో కాగితం కోసం.

ఇది తలుచుకుని అక్క హాయిగా నవ్వుకోవచ్చు. నవ్వుకునేది కూడా, టీవీలో చెల్లెలితో ముఖాముఖి రాకపోయి ఉంటే. ఎదురుగా కూర్చున్న కుర్రాడు చేతులు జోడించినంత పనిచేసి, "ఆ ఒక్క గుటకలో రాణి మొత్తం కనిపిస్తుందండీ, ఎలా సాధించారు?" అని అడిగాడు. చెల్లెలు తల వంచుకుని, చెవి వెనక జుట్టు సర్దుకుని, "ఏమోనండీ, రాణి బాధ తలుచుకుంటే అలా వచ్చేసింది" అంది.

అక్క మడతపెడుతున్న దుప్పటి ముద్ద చేసి మంచం మీద పడేసింది. "వచ్చేసిందట" అంది గోడకేసి చూస్తూ.

ఆవిడ భర్త కళ్ళజోళ్ళు బాగుచేస్తాడు. ఇంటికి తెచ్చుకున్న ఒక జోడుకి మర బిగిస్తూ తలెత్తాడు. "అంత ఇదిగా ఉంటే ఫోన్ చేసి అడగరాదూ?"

"నాది నాకిమ్మని అడుక్కోమంటారా?"

ఆయన మళ్ళీ మర బిగించుకున్నాడు.

చెల్లెలికొచ్చిన డబ్బు మీద గాని, దండల మీద గాని అక్కకి కుళ్ళు లేదు. ఉన్నా అది భరించగలిగినంతే. భరించలేనిది గువ్వ. కన్నకూతురు మంచం పక్కన గోడకి పిన్ని ఫోటో అంటించుకుంది. చంటిపిల్లగా ఉన్నప్పటి నుంచి ఏ గొంతు వింటూ నిద్రపోయిందో ఆ గొంతు ఇప్పుడు దానికి పనికిరావడం లేదు. ఒక రాత్రి జోల పాడబోతే, "నువ్వొద్దమ్మా, పిన్ని పాట పెట్టు" అంది. అక్క ఆ పాటైతే పెట్టింది గాని, మూడు రోజులు జోల ఊసెత్తలేదు.

పరీక్షలప్పుడు కూడా పుస్తకం ముట్టని మనిషి గ్రంథాలయానికి వెళ్ళి, తలగడంత చరిత్ర పుస్తకం తెచ్చుకుంది. ముందు నుంచి కాదు, వెనక నుంచి చదివింది, రాణి ఏమైందో తొందరగా తెలియాలని. దొరికింది. ఆ సాయంత్రం గువ్వకి జడ అల్లుతూ, "అసలు సంగతి తెలుసా? నిజంగా ఆ రాణి గెలవలేదే. తలుపు తియ్యగానే పట్టుకుని బంధించారు. గాడిదా లేదు, పాటా లేదు" అంది.

ఏడుస్తుందనుకుంది. ఏడిస్తే ఓదార్చాలని కూడా అనుకుంది, చేతులు సిద్ధంగానే ఉన్నాయి.

"తెలుసు, మా టీచర్ చెప్పింది" అంది గువ్వ అద్దంలో జడ చూసుకుంటూ. "అప్పుడెలాగూ ఓడిపోయింది కదమ్మా. సినిమాలోనైనా గెలవనీ."

అక్క రబ్బరు బ్యాండు రెండు చుట్లకి బదులు మూడు చుట్లు బిగించింది.

అసలు గొడవ బడిలో కార్యక్రమంతో వచ్చింది. గువ్వ క్లాసు ఆ పాటని నాటకంగా వేస్తోంది, గువ్వే రాణి. ఆదివారం మధ్యాహ్నం వంటింటి తలుపు గడియ మీద చెయ్యి వేసి మొదలుపెట్టింది. "వెనక్కి మాత్రం" దగ్గర ఆగి, కళ్ళు దించి, మింగుడుపడని మాత్ర మింగినట్టు మెడ సాగదీసి గుటక వేసింది. తనకే నచ్చలేదు. మళ్ళీ వేసింది. అలా చాలాసార్లు అయ్యాక నేల మీద కూలబడింది.

"పిన్ని లాగా రావట్లేదు."

కూరగాయలు తరుగుతున్న అక్క చేతిలో కత్తి ఆగింది. ఇన్నాళ్ళూ పళ్ళ బిగువున ఆపిన మాట తన్నుకొచ్చేసింది.

"అది పిన్నిది కాదే. నాది."

"ఏది?"

"ఆ ఆగడం, ఆ గుటక, ఆ చూపు. నేను పాడుతుంటే చూసి గీశారు."

గువ్వ తల్లిని పైనుంచి కిందకి చూసింది. "సినిమా అయిపోయాక పేర్లు వస్తాయి కదా, నేను అన్నీ చదివాను. పిన్ని పేరుంది. గాడిదకి మాట్లాడినాయన పేరుంది. నీ పేరెక్కడుంది?"

ఆ పేర్లలో తన పేరు లేదు. ఉంటే బాధే లేదు. అక్క మళ్ళీ కూరగాయల వైపు తిరిగింది. ఈలోగా గువ్వ అల్మారా మీది ఫోన్ అందుకుని, పిన్నికి కలిపి, స్పీకర్ నొక్కేసింది. అడ్డుకోవడానికి అక్క రెండడుగులు వేసింది గాని, అడ్డుకుంటే అబద్ధమని ఒప్పుకున్నట్టవుతుందని ఆగింది.

"పిన్నీ, ఆ తలుపు దగ్గరిది ఒక్కసారి పాడవా? నాకు రావట్లేదు."

చెల్లెలు ఏదో కారులో ఉన్నట్టుంది, వెనక హారన్లు. "నీకు రాకపోవడమేంటే బంగారం" అని నవ్వి, గొంతు సవరించుకుని పాడింది. "తలుపు తీసి వెళుతున్నా, వెనక్కి మాత్రం చూడను."

చక్కగా పాడింది. మధ్యలో ఎక్కడా ఆగకుండా పాడింది.

"ఆగలేదేంటి పిన్నీ?" అంది గువ్వ.

"ఆగలేదా?" ఆ గొంతు తడబడింది. "బొమ్మ ఎదురుగా లేదుగా గువ్వా. అది ఆగితే చూసుకుని నేనూ ఆగుతాను."

"మరి ఆ బొమ్మ ఎవర్ని చూసి ఆగింది?"

అక్క ఊపిరి బిగబట్టింది. అవతల కారు అద్దం ఎత్తిన చప్పుడైంది, హారన్లు సన్నగిల్లాయి.

"మీ అమ్మ అక్కడుందా?"

"ఉంది. వింటోంది."

"విననీ" అంది చెల్లెలు. గొంతు తగ్గించి, "అక్కా" అంది. "ఆ పాట నాకిచ్చిన రోజు నుంచి చెవుల్లో నీ గొంతు పెట్టి పాడించారే. నేను పాడగానే మాస్టారు, 'బాగుందమ్మా, కానీ ట్రాకక్కలా లేదు' అనేవాడు. ఆ గుటక ఎన్నిసార్లు వేసినా మంచినీళ్ళు తాగినట్టుందన్నాడు. చివరికి విసుగొచ్చి, నీ ట్రాకులోంచి ఆ ఒక్క ముక్క కోసి అతికించేశారు. సినిమాలో ఉన్నది నీ గుటకే. పాటంతా నేను పాడితే, టీవీలో వాడు అడిగింది నేను లేని చోటు గురించి. నిజం చెబితే ఇక నాకేం మిగులుతుందనిపించింది. నీ మీద ఎంత కుళ్ళుకున్నానో నీకు తెలీదు."

గువ్వ నోరు తెరుచుకుని తల్లి వైపు తిరిగింది. ఆ చూపు కోసమే అక్క రెండు నెలలుగా పళ్ళు నూరింది. ఇప్పుడది మొహం మీద పడుతుంటే ఆవిడకి ఏడుపొచ్చింది, సంతోషమేసింది, ఎంత సంతోషమంటే కాస్త సిగ్గు కూడా వేసింది. "పోనీలేవే" అనాలి. పెద్దదాన్ని, అనాలి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"సరిగ్గా వినపడలేదే" అంది అక్క ఫోన్ దగ్గరగా జరిగి. "మాట తెగిపోతోంది. మళ్ళీ చెప్పు."

ఒక్క మాట కూడా తెగలేదు. ఆ సంగతి చెల్లెలికీ తెలుసు. తెలిసే, మొదటి నుంచి మళ్ళీ చెప్పింది.