కలపని ఫ్లాస్కు

లెక్కల నుంచి ఆమడ దూరం పరుగెత్తాలనే ఆ కాలేజీ పిల్లలు జీవశాస్త్రంలో చేరారు. తీరా చేరాక మొదటి ఏడాదే కేల్కులస్ ఎదురొచ్చి కూర్చుంది. ఇక లెక్కల మేడం మీద వాళ్లకి కోపం రావడంలో వింతేముంది? కోపం మేడంకీ ఉంది, కాకపోతే పిల్లల మీద కాదు. ఏటా వాళ్ల చేత నాలుగు ఫార్ములాలు బట్టీ పట్టించి, పరీక్షలో కక్కించి, జీవశాస్త్రం వాళ్లకి ఇంతకంటే ఎక్కదని చేతులు దులుపుకునే తన శాఖ మీద.

ఈ ఏడు ఆవిడ ఫార్ములాల కాగితం పంచలేదు. పిల్లల్ని లాబ్‌కి తోలింది. ఫ్లాస్కులో చక్కెర నీళ్లు పోసి, ఈస్ట్ వేసి, గంటగంటకీ కాస్త తీసి, మైక్రోస్కోపు కింద కణాలు లెక్కపెట్టమంది. ఆ లెక్కల్ని గ్రాఫు మీద చుక్కలుగా పెట్టి, వాటి మీదుగా చేత్తోనే గీత గీసి, గీతకి స్కేలు ఆనించి ఎక్కడెంత నిటారుగా ఉందో కొలవమంది. ఆ వాలే పెరిగే వేగం, కేల్కులస్‌లో సగం అదేనంది. పిల్లలు మొదట సణిగారు. తర్వాత క్యాంటీన్లో కూడా స్కేళ్లు పట్టుకుని పోట్లాడుకున్నారు. ఆవిడకి వాలు మేడం అని పేరు కూడా పెట్టారు. పైకి విననట్టే ఉంది గానీ ఆవిడ తెగ మురిసిపోయింది.

ఈ సంగతి పెద్దసారు చెవిన పడింది. శాఖకి ఆయనే పెద్ద, ఆయన పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్లు. వచ్చి పాఠం చూస్తాననీ, నచ్చకపోతే ఆ క్లాసు తీసేసుకుంటాననీ చెప్పాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో మేడంకి తనది అనిపించిన క్లాసు అదొక్కటే.

చెప్పినట్టే వచ్చాడు. ఆ రోజు గోడ మీద ఉన్న గ్రాఫు, క్లాసంతా నిద్రమొహం అని పిలిచే అమ్మాయిది. చుక్కలు చక్కగా ఎక్కుతూ ఉంటే, మధ్యలో ఒక చుక్క మాత్రం దభీమని కిందికి దిగి ఉంది. పెద్దసారు దాన్ని చూసి నవ్వాడు. ఈ లెక్కన సగం ఈస్ట్ చచ్చిపోయి, మరుసటి గంటకి లేచి కూర్చుందన్నమాట అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆ చుక్క చెరిపేసి కాస్త పైన పెట్టుకోమని, మార్కులకేం ఢోకా లేదని అమ్మాయికి దయగానే చెప్పాడు.

"చెరపను సార్. అది నేను లెక్కపెట్టిన చుక్క."

"తప్పని కనబడుతూనే ఉంది కదమ్మా."

"తప్పే సార్. తీసేముందు ఫ్లాస్కు కలపడం మర్చిపోయాను. కణాలన్నీ అడుక్కి దిగిపోయాయి, నేను పైనుంచి తీశాను. తప్పు నాది, ఈస్ట్‌ది కాదు. చుక్క అక్కడే ఉంచి పక్కన ఆ ముక్క రాస్తాను. గీతని మాత్రం దాన్ని వదిలేసి పైనుంచి పోనిస్తాను."

పెద్దసారు మేడం వైపు తిరిగి, మీరైనా చెప్పండన్నాడు. చెరిపెయ్యమ్మా అని ఒక్క మాటంటే క్లాసు దక్కుతుంది. ఆ మాట ఆవిడ నోటిదాకా వచ్చింది కూడా. వచ్చినందుకే తన మీద తనకి ఒళ్లు మండింది.

"చెరపదు సార్. నేను చెరపనివ్వను."

మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. ఇక్కడ మొండివాళ్లు ఇద్దరయ్యారు. పెద్దసారు మొహం కందగడ్డయింది. ఈ క్లాసు ఇవాళ్టినుంచి నాదంటూ ఆవిడ చేతిలోని సుద్దముక్క తీసుకున్నాడు. ఆవిడ వెళ్లి చివరి బెంచీలో నిద్రమొహం పక్కన కూర్చుంది. సిగ్గేస్తుందనుకుంది గానీ వెయ్యలేదు. ఇంకా కోపంగానే ఉంది, ఆ కోపం హాయిగా ఉంది.

ఆయన బోర్డు ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒక ఫార్ములా రాశాడు. కింద ఎత్తుపల్లాల్లేని నున్నటి గీత గీసి, ఈస్ట్ పెరిగేది ఇలా, రాసుకోండన్నాడు.

నిద్రమొహం లేచి నిలబడింది.

"దీన్ని ఎవరు లెక్కపెట్టారు సార్?"

"లెక్కపెట్టక్కర్లేదు. అందుకేగా ఫార్ములా."

"ఎవరూ లెక్కపెట్టనిది మేం రాసుకోం సార్."

ఆ పిల్ల పుస్తకం మూసింది. ముందు బెంచీ కూడా మూసింది, దాని ముందుదీ మూసింది. పెద్దసారు సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడి, చివరి బెంచీ వైపు చూశాడు. వాలు మేడం కూడా తన పెన్నుకి మూత పెట్టేసింది.