వెనక్కి వేసిన అడుగు

"దూసుకొస్తున్న బండిని చూసి ఆ పిల్ల పాపం బెదిరిపోయి, ఒక అడుగు వెనక్కి వేసింది. ఆర్డరు కింద పడింది. బండి ఆగింది. కుర్రాడు దిగి వచ్చాడు. అలా ఈ స్టేషన్లో ఒక పెళ్ళి కుదిరింది."

చదవడం ముగించి ఓకీ కళ్ళజోడు నుదుటి మీదికి తోశాడు. "ఎలా ఉందే? సోమవారం పంపిస్తే నెల తిరక్కుండా రాగిరేకు మీద చెక్కి ఇస్తారట. స్టేషను గోడకి బిగిస్తారు. మనం పోయినా అది ఉంటుంది."

రీథా అప్పడాల కర్ర ఆపలేదు. తెల్లారి లేచిన దగ్గర్నుంచి ఇది నాలుగో ముద్ద. స్టేషను దగ్గర ఏటా జరిగే రైలు పండగకి వచ్చే జనానికి ఆపిల్ పైలు ఆవిడే చెయ్యాలి. ఎండు ఆపిల్ ముక్కలు దాల్చినచెక్కతో ఉడికించి, పిండిలో మడిచి, ఇనప మూకుడులో పందికొవ్వు కాచి వేయించాలి. ముప్ఫై ఏళ్ళుగా అక్టోబరు వచ్చిందంటే ఈ పనే. ఎవరూ చెయ్యమని అడగరు. ఆవిడ చేస్తుందని అందరికీ తెలుసు, అంతే.

"అలా జరగలేదు కదా ఓకీ," అంది.

"యాభై ఏళ్ళనాటి మాట. ఎలా జరిగితే ఏం? వినేవాళ్ళు నవ్వుతున్నారు. కథ బాగుంది. నీకేం నష్టం?" అంటూ లేచి, డ్రైవర్ల చారల టోపీ అద్దంలో సర్దుకున్నాడు. సొరంగానికి అవతల ఉన్న స్టేషనుకి కారులో వెళ్ళి అక్కడ ఇంజనెక్కాలి. పండగ బండిలో పాత డ్రైవరు గారికి ప్రతి ఏడూ అది మర్యాద. "ఫ్లాస్కులో కాఫీ పోశావా?"

పోసింది. ఎప్పుడు పొయ్యలేదు గనక?

నీకేం నష్టం అన్న మాట ఈ ఇంట్లో ఆవిడకి కొత్త కాదు. పెళ్ళయిన రెండో ఏడు అత్తగారు ఓమా అన్నది కూడా అదే. "ఒక కొంపలో ఇద్దరు రైలువాళ్ళేమిటమ్మా? వాడు బండి దిగి ఆకలితో వచ్చేసరికి నువ్వు టవర్లో కూర్చుని కర్ర పట్టుకుంటానంటే ఎలా? ఆ ఉద్యోగం మానెయ్. నీకేం నష్టం, వాడి జీతం చాలదూ?" మానేసింది. ఆ తరవాత టెలిఫోను మోగినప్పుడల్లా లేచి బండి నంబరూ టైమూ రాసుకుని, ఆయన్ని లేపి, రేకుడబ్బాలో భోజనం సర్ది పంపింది. నది మలుపు దగ్గర ఆయన ఇంజను కూత వినగానే పిండి కలిపి, వేడిగా తినే మెత్తటి రొట్టెల్లాంటి బిస్కెట్లు పొయ్యిలో పెట్టేది. కూతకీ గడపకీ మధ్య ఇరవై నిమిషాలు, బిస్కెట్లకి పన్నెండు. ఒక్కసారి చల్లారలేదు, ఒక్కసారి మాడలేదు. ఓకీ ఆ సంగతీ జనానికి చెబుతాడు, "నా కూతకి మా ఇంట్లో పొయ్యి వెలిగేది" అని. పొయ్యి తనంతట తానే వెలిగినట్టు! ఆయన రిటైరైనప్పుడు గోడ గడియారం ఇచ్చారు. దానికి తాళం తిప్పేది కూడా రీథాయే.

సరే, అవన్నీ ఏ ఇంట్లోనైనా ఉన్నవే అనుకుని సరిపెట్టుకోవచ్చు. సరిపెట్టుకోలేనిది ఆ ఒక్క అడుగు. రేకు మీద చెక్కుతారట ఆ అడుగుని!

పంతొమ్మిదివందల అరవై ఎనిమిదిలో, ఇరవై ఏళ్ళ రీథా సైజ్‌మోర్ హార్లెస్ స్టేషను సిగ్నల్ టవర్లో ఆపరేటరు. బండి ముందు ఎక్కడ ఆగాలో, ఏ బండికి దారివ్వాలో తంతి మీద ఆర్డరొచ్చేది. దాన్ని పల్చటి కాగితం మీద రాసి, పంగలకర్ర లాంటి పొడుగాటి కర్రకి దారం కట్టి, ఆ దారం ముడిలో కాగితం దోపి, పరిగెడుతున్న బండికి అందించాలి. ఇంజనులోంచి ఒకడు చెయ్యి చాపితే దారం వాడి మోచేతికి తగులుకుంటుంది. కర్ర మన చేతిలో మిగిలిపోతుంది. పట్టాకీ మనిషికీ మధ్య బారెడు దూరం కూడా ఉండదు. గాలికి లంగా, జుట్టు, ఊపిరి అన్నీ లాక్కుపోతున్నట్టుంటుంది. కదలకూడదు. కదిలితే వాడికి అందదు.

నేర్పింది వాళ్ళ నాన్న. ఆయనా ఆపరేటరే. మొదటిరోజు సుద్దముక్కతో ఆవిడ బూట్ల చుట్టూ గీత గీశాడు. "బండి వెళ్ళిపోయాక చూస్తాను. బూటు ఈ గీతలో లేకపోతే ఇంటికెళ్ళి గిన్నెలు తోముకో" అన్నాడు. బండి వెళ్ళింది. వంగి చూశాడు. ఆ సాయంత్రం చర్చి మెట్ల మీద దారినపోయేవాళ్ళందరినీ ఆపి, బూటు గీత దాటలేదని చెప్పాడు. ఆ సంగతి తలుచుకుంటే రీథాకి ఇవాళ కూడా ఛాతీ పొంగుతుంది. మూడేళ్ళలో కొన్ని వేల కాగితాలు అందించింది. ఏ ఒక్కటీ తన వల్ల కిందపడలేదు.

ఆ ఆగస్టు మధ్యాహ్నం పడింది. ఎందుకు పడిందంటే, ఇంజనులో కొత్తగా చేరిన ఓకీ పిల్ల బాగుందని చూసి టోపీ ఎత్తాడు. టోపీ ఎత్తిన చేతికి దారం ఎలా తగులుకుంటుంది? బండి ఆగింది. అందుకోలేకపోయినవాడే దిగి వెనక్కి నడవాలి, అది ఇక్కడి ఆచారం. పావు మైలు కంకరరాళ్ళ మీద నడిచొచ్చి, చెమటలు కక్కుతూ బతిమాలాడు. "కొత్తవాణ్ణి. నా తప్పని రాస్తే ఉద్యోగం పీకేస్తారు. నువ్వు కాస్త కదిలానని రాయవా? నీకు మంచి పేరుంది. నీకేం నష్టం?"

రాసింది. ఆమెకొక మందలింపు ఉత్తరం వచ్చింది. మూడేళ్ళలో ఒకే ఒక్క మచ్చ. జాలిపడి ఇచ్చిన అబద్ధం అది. ఇచ్చినదాన్ని దాచుకోకుండా ఊరంతా పంచిపెట్టాడు మొగుడు. పంచిపెట్టీ పంచిపెట్టీ చివరికి ఆయనకే అది నిజమైపోయింది.

పదకొండయ్యేసరికి స్టేషను ముందు జనం కిటకిటలాడుతున్నారు. చుట్టూ కొండలు మేపుల్ ఆకులతో ఎర్రబారి ఉన్నాయి. రీథా అక్కడే మూకుడు ముందు ఆరో వాయి తీస్తుండగా పండగ కమిటీ ట్విలా పరిగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో మైకు, మొహంలో నెత్తురుచుక్క లేదు.

"కొంప మునిగింది పిన్నీ! మ్యూజియం చూసుకునే బర్ల్ భుజం పట్టేసిందట, చెయ్యి లేవట్లేదు. బండి అరగంటలో వస్తుంది. కర్రతో ఆర్డరందించడం చూద్దామనే సగం మంది వచ్చారు. పట్టుకునేవాళ్ళెవరూ లేరు!"

"నేను పట్టుకుంటాను," అంది రీథా.

ట్విలా ముద్దుగా నవ్వింది. "మీరెందుకులెండి పిన్నీ. మీకు భయం కదా. ఓకీ బాబాయి చెప్పాడుగా, బండి చూసి మీరు వెనక్కి..."

మంచి పిల్లే ట్విలా. దాని మాటలో విషం లేదు. అందుకే మరీ గుచ్చుకుంది. రీథాకి చెవులు వేడెక్కాయి. పరాయివాళ్ళు నవ్వుకుంటే నవ్వుకోనీ అనుకుంది ఇన్నాళ్ళూ. కానీ తన చేతి పైలు తిని పెరిగిన పిల్ల కూడా నమ్మేసింది. రేపు దీని పిల్లలు గోడ మీద చదువుతారు, వాళ్ళ పిల్లలు చదువుతారు. హార్లెస్ టవర్లో ఒక పిరికి పిల్ల ఉండేదట! నాన్న వంగి చూసిన ఆ గీత ఎవరికీ తెలియకుండా పోతుంది.

జల్లిగరిటె ట్విలా చేతిలో పెట్టింది. ఏప్రను విప్పి బల్ల మీద పడేసింది. "ఎర్రబడగానే తియ్యి. మైకు కాసేపు పక్కన పెట్టు."

స్టేషనులోని మ్యూజియంలో కర్ర గోడకి ఉంది. తియ్యగానే అరచేతికి పాత చుట్టం లాగా తగిలింది. బర్ల్ బల్ల మీద పల్చటి కాగితాలున్నాయి. కూర్చుని రాసింది. పండగ బండి హార్లెస్ దాటి ముందుకి సాగవచ్చు. మామూలు ఆర్డరే. కింద సంతకం పెట్టాక చూసుకుంటే, ఆపరేటరు ఆర్. సైజ్‌మోర్ అని ఉంది. యాభై ఏళ్ళుగా వాడని పుట్టింటి పేరు. చెయ్యి మర్చిపోలేదు. కొట్టెయ్యబోయి మానేసింది.

బళ్ళ రాకపోకలు రాసే నల్లబల్ల కింద సుద్దముక్క దొరికింది. పట్టా పక్కన చెక్క మీద నిలబడి, మోకాళ్ళు కలుక్కుమంటున్నా వంగి, తన బూట్ల చుట్టూ తానే గీత గీసుకుంది. చూస్తున్నవాళ్ళు ఏదో ఆట అనుకున్నారు.

నది మలుపులో కూత వినబడింది. ఇరవై నిమిషాలని ఒళ్ళు లెక్కపెట్టబోయింది. లేదు, ఇవాళ బిస్కెట్లు లేవు. ఇంజను ముక్కు కనిపించింది. పెద్ద వేగమేం కాదు, మనిషి పరుగంత. అయినా అంత ఇనుము మీదికి వస్తుంటే చెక్క కింద నేల వణికింది. జనం రెండడుగులు వెనక్కి జరిగారు. డెబ్బై రెండేళ్ళ మోకాళ్ళు, పొద్దుటినుంచి పొయ్యి ముందు నిలబడ్డ మోకాళ్ళు. కానీ కర్ర వణకలేదు. ఎక్కడికి పోయిందో ఇన్నాళ్ళూ ఈ పిల్ల అనుకుంది రీథా, తన గురించే. బతికే ఉంది. ఎంత బాగుంది!

ఇంజను కిటికీలోంచి ఓకీ మొహం. కర్ర పట్టుకున్నది బర్ల్ కాదని అప్పుడే చూసినట్టున్నాడు. నోరు తెరిచాడు. జనం కేకలు వేశారు, ఫోన్లు పైకెత్తారు. అంతమంది తనకేసి చూస్తుంటే ఓకీ చెయ్యి ఊరుకుంటుందా? దానికి తెలిసిన పని అది చేసింది. టోపీ ఎత్తింది.

దారం కర్రకే ఉండిపోయింది.

బండి కీచుమంటూ వెళ్ళి వెళ్ళి ఆగింది. ట్విలా గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది. "అయ్యో పిన్నీ! పర్లేదు, పర్లేదు. అది ఇటివ్వండి, నేను పట్టుకెళ్ళి ఇచ్చొస్తాను."

"వద్దు. అందుకోలేకపోయినవాడే నడవాలి."

"పాపం బాబాయి, డెబ్బై అయిదేళ్ళ మనిషి..."

"పొద్దున్న కాఫీ తాగాడు. నడుస్తాడు."

నడిచాడు. ఒకప్పుడు పావు మైలు, ఇవాళ అందులో సగం. కంకర మీద తడబడుతూ, టోపీ చంకలో పెట్టుకుని, ఆ మనిషి వస్తుంటే రీథాకి జాలేసింది. ఆ జాలి సంగతి ఆవిడకి బాగా తెలుసు. దానివల్లే కదా ఇంత దూరం వచ్చింది. కర్ర దించకుండా నిలబడింది.

ఓకీ దగ్గరికొచ్చి ఆయాసం తీర్చుకుని, జనం వైపు తిరిగి మామూలుగానే చేతులు చాచాడు. "చూశారా, చరిత్ర మళ్ళీ జరిగింది! మా ఆవిడ మళ్ళీ ఒక అడుగు..."

అంటూ రీథా కాళ్ళవైపు చూపించబోయాడు. తెల్లటి గీత. గీతలో బూట్లు. ఎక్కడా వెంట్రుకవాసి తప్పలేదు. మామగారి సుద్దముక్క కథ ఆయన ఈ ఊళ్ళో వందసార్లు విన్నాడు. చూపించబోయిన వేలు గాలిలోనే ఆగిపోయింది.

"చదువు," అంది రీథా, కర్ర ముందుకి చాపి. "ఆర్డరు అందుకున్నవాడు పైకి చదవాలి. మర్చిపోయావా?"

కాగితం తీసుకుని చదివాడు. సంతకం దగ్గరికొచ్చి, "ఆపరేటరు... ఆర్. సైజ్‌మోర్," అని ఆగాడు. తర్వాత మెల్లగా, ఆమెకి మాత్రమే వినబడేలా అన్నాడు: "టోపీ ఎత్తాను."

"గట్టిగా చెప్పు."

"టోపీ ఎత్తాను!" అన్నాడు ఓకీ, జనం వైపు తిరిగి. మొహం కందిపోయింది. "ఇవాళా. ఆ రోజూ. ఈవిడ కదల్లేదు."

వెనకెక్కడో ఒక ముసలావిడ చప్పట్లు కొట్టింది. ఆమె కూడా రైలువాడి పెళ్ళామే అయ్యుండాలి. ఆ చప్పట్లు ప్లాట్‌ఫాం అంతా పాకాయి. రీథా సిగ్గుపడలేదు, తల దించుకోలేదు. ఎన్నో ఏళ్ళుగా తనకి రావలసినవే కదా అని నిటారుగా నిలబడి పుచ్చుకుంది.

"మూడు గంటలకి ఇంకో బండి ఉంది," అంది మొగుడితో. "దానికీ నేనే నిలబడతాను. ఏప్రను బల్ల మీదుంది. వాయి మాడుతున్న వాసనొస్తోంది, వెళ్ళి చూసుకో."

ఓకీ టోపీ ట్విలా చేతికిచ్చి, గరిటె తీసుకుని, మూకుడు వైపు నడిచాడు. ట్విలా కళ్ళు తుడుచుకుంటూ మైకు పట్టుకొచ్చి రీథా నోటి దగ్గర పెట్టింది. "అయితే పిన్నీ, రేకు మీదికని రాసిందంతా తప్పేనా? మీరు ఎప్పుడూ వెనక్కి అడుగు వెయ్యనేలేదా?"

రీథా గీతలోంచి బయటికి అడుగు పెట్టింది. "ఒక్కసారి వేశాను. ఈ ఉద్యోగం మానేస్తానని సంతకం పెట్టిన రోజు. చెక్కిస్తే అది చెక్కించండి."