నల్ల టేపు

ఫర్గస్ సార్‌ను విమానాశ్రయం నుంచి తీసుకొచ్చిన రోజే అనుకున్నాను, ఈ ముసలాయన నన్ను కుదురుగా ఉండనివ్వడని. ఆయన స్కాట్లాండ్ సినిమా దర్శకుడు. ఇక్కడ ఉమ్ ఘువైలినా అనే పేటలో ఫ్లాటు తీసుకుని గల్ఫ్ కూలీల మీద సినిమా తీస్తున్నాడు. నేను డ్రైవర్‌ను. జగిత్యాల వాణ్ణి కాబట్టి మావాళ్ల తెలుగును ఇంగ్లీషులో చెప్పే పనీ నా నెత్తినే పడింది.

కారులో తన బతుకంతా చెప్పేవాడు. ఓడలు కట్టే తండ్రి మీద ఇరవై ఆరేళ్లకే మొదటి సినిమా తీశాడట. పని పోయి వంటింట్లో కూర్చుని ఏడుస్తున్న తండ్రిని ఆయనకు తెలియకుండా తీశాడు. బహుమతులొచ్చాయి. తండ్రి మాత్రం హాల్లోంచి లేచి వెళ్లిపోయాడు, చనిపోయేదాకా కొడుకుతో మాట్లాడలేదు. తర్వాత తీసిన నాలుగు సినిమాలూ ఎవరూ చూడలేదు. ఆపైన పదకొండేళ్లు ఖాళీ. "ఇదే నా చివరిది, లియాఖత్" అనేవాడు.

శుక్రవారం కూలీలుండే క్యాంపులో పోశన్న గదికి వెళ్లాం. పోశన్న సైటులో పైపులు దించుతాడు. రెండేళ్ల కింద కుడిచేతి వేళ్లు రెండు పైపు కింద నలిగిపోయాయి. భార్య గంగాబాయి పోవద్దని ఎంత బతిమాలినా వినకుండా వచ్చినవాడు, వేళ్ల సంగతి ఆమెకు ఇప్పటికీ చెప్పలేదు. వీడియో కాల్‌లో గ్లౌజు తీయడు. కెమెరా ముందూ తీయలేదు. ఏది అడిగినా "మంచిగనే ఉన్న" అన్నాడు, అంతే.

సార్ నిట్టూర్చి వెనక్కి వాలాడు. నేను కెమెరా వైపు చూశాను. తీస్తున్నప్పుడు వెలిగే ఎర్ర లైటు లేదు.

"బంద్ అయింది అన్నా, ఇగ ఆరాంగ కూసో" అన్నాను.

పోశన్న గ్లౌజు తీసి మొండి వేళ్లు రుద్దుకున్నాడు. "ఏసీ చలికి గుంజుతయి భాయ్. గంగకు తెలిస్తే నన్ను తిట్టది. తననే తిట్టుకుంటది, ఇంకింత గట్టిగ ఆపకపోతినని" అంటూ ఏడ్చాడు.

మర్నాడు సార్ కంప్యూటర్‌లో అదే ఏడుపు కనిపించింది. ఎర్ర లైటు చూస్తే మనుషులు బిగుసుకుపోతారని ఆయన దాని మీద ఎప్పుడూ నల్ల టేపు అంటిస్తాడట. నాకు ఒళ్లు మండింది.

"ముప్ఫై ఏళ్లలో ఇంత గొప్ప షాట్ తీయలేదు" అన్నాడు.

"మీ నాన్నదీ గొప్ప షాటే కద సార్" అన్నాను. ఉద్యోగం పోతే పోనీ అనిపించింది.

ఆయన కంప్యూటర్ మూసేశాడు. సాయంత్రం తనే క్యాంపుకు తీసుకెళ్లమన్నాడు. పోశన్నకు ఆ ముక్క చూపించి, "నీకు తెలియకుండా తీశాను. నువ్వు ఏం చేయమంటే అది చేస్తాను" అన్నాడు. ఆ మాట తెలుగులో చెప్పాను. బంద్ అయిందని నమ్మించింది నేనే కదా, తప్పు నాదేనని కూడా చెప్పాను. పోశన్న నా ముఖం చూడలేదు.

"తీసెయ్యమను."

సార్ అతని ముందే చెరిపేశాడు. తర్వాత కెమెరా మీది టేపు పీకేశాడు.

పోశన్న లేచి ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. రెండు చేతులకూ కొత్త గ్లౌజులు వేసుకుని మంచం మీద కూర్చున్నాడు. "ఇప్పుడు తియ్యమను. గంగ చూస్తది."

ఎర్ర లైటు వెలిగింది.

"గంగా, నేను మంచిగున్న. పని అల్కగనే ఉంది. పరేషాన్ గాకు."

ఏమంటున్నాడని సార్ మెల్లగా అడిగాడు. బాగున్నానంటున్నాడని చెప్పాను.

"మా నాన్నను ముందే అడిగుంటే, ఆయనా ఇదే చెప్పేవాడు" అన్నాడు సార్.