వానగొట్టం చెప్పిన పదకొండు

ఆ పొద్దు ఆకాశం తోమిన ఇత్తడి తట్టలా మెరుస్తోంది. తెల్లారగట్ల కురిసిన వాన ఎటు పోయిందో ఆనవాలు లేదు. పడమటి గుట్టల మీద ఒక్క బూడిదరంగు మబ్బు, పని లేనివాడిలా చతికిలబడి ఉంది.

నేను ఒక వానగొట్టాన్ని. నన్ను రాగితో చేశారు. పైన గరాటు, లోపల సీసా, పక్కన గీతలు గీసిన గాజు కొలత. నా పని ఒక్కటే. పడినంత పట్టుకోవాలి, అడిగితే పడినంతే చెప్పాలి. ఇంత చిన్న పనికి మనుషులకు ఒక గొట్టం అవసరమైంది.

పట్నంలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నా గరాటు అంచును ఒక ముసలి పనివాడు మూడు రోజులు సానపట్టాడు. "అంచు వంకరైతే కొలత వంకరవుతుంది" అని తనలో తనే గొణుక్కునేవాడు. మనుషులంతా అతనిలాగే ఉంటారనుకుని బయల్దేరాను.

తాలూకా కచేరీవాళ్ళు నన్ను ఎర్రబోయనపల్లికి పంపారు. వాన ఎప్పుడూ సగం దారిలో వెనక్కి తిరిగిపోయే మెట్ట ఊరు. తలారి లింగప్ప ఇల్లు ఊరి చివర ఉంది, ఇంటిని ఆనుకునే చేను. చెట్టు నీడ పడని చోటు కాబట్టి ఆ గట్టు మీదే నన్ను పాతారు. రోజూ ఎనిమిదిన్నరకు లింగప్ప వచ్చేవాడు. సీసాలోని నీళ్ళు గాజులో పోసి, కంటి ఎత్తున పట్టుకుని, ఒక కన్ను మూసి చూసేవాడు. ఆ అంకె బొగ్గుతో ఇంటి గోడ మీద రాసేవాడు.

మొదట్లో ఊరు నన్ను చూసి నవ్వింది. "లింగప్ప వానను సీసాకు పోస్తాండాడప్పా!" అన్నారు. వాళ్ళ కొలత వాళ్ళకుంది. వాన వెలిశాక చేన్లో చేత్తో తవ్వుతారు. తడి జానెడు దిగితే విత్తొచ్చు. అయితే ఒక్కరు తవ్వితే చాలదు. ఇంకొకరు వేరే చోట తవ్వాలి. రెండు చేతులూ ఒకే మాట చెబితేనే ఎద్దులకు విత్తే గొర్రు కట్టేది. ఎంత పెద్ద రైతైనా సరే, ఒక్కడి చేతిని ఊరు నమ్మేది కాదు.

లింగప్ప తల్లి హనుమక్క అయితే తవ్వేదే కాదు. గాలి పీల్చి, రేపటి వాన సంగతి ఇవాళే చెప్పేది. ఆమె ముక్కు ముందు నేనెంత! నేను వచ్చిన మూడో ఏడు ఎవరో ఆమెను వాన గురించి అడిగారు. "నన్నేల అడుగుతావు నాయనా, పోయి గోడ సూడు" అంది ముసలమ్మ. ఆ తర్వాత ఆమె గాలి పీల్చి చెప్పగా నేను వినలేదు. నిజం మాట్లాడుకోవాలంటే మొదటి పాపం నాదే.

నా పక్షాన ఒక్క మాట చెప్పుకుంటాను. నా అంకె కావాలంటే మనిషి నడిచి రావాలి, వంగాలి, చూడాలి. గోడ ముందు నిలబడి పోట్లాడుకునేవాళ్ళు. "నా చేన్లో ఇంతకంటే ఎక్కువే పడింది." "ఔనప్పా, వానదేవుడు నీ సొంత బామ్మర్ది కదా!" ఆ ఎగతాళిలోనే ఎవరి మాట నిలుస్తుందో, ఎవరిది పోతుందో తేలిపోయేది.

లింగప్ప పోయాడు. పెద్దకొడుకు వన్నూరప్ప చేతికి వచ్చాను. మండలంలో తనంతట తానే కొలిచే మిషను పెట్టారు, ఇక నీ లెక్క పంపనక్కర్లేదు అన్నారు కచేరీవాళ్ళు. అయినా వన్నూరప్ప మానలేదు. ముప్పై ఏళ్ళుగా కొలుస్తూనే ఉన్నాడు. అడిగేవాళ్ళు లేక గోడ మీద రాయడం మాత్రం మానేశాడు. ఎందుకు అడుగుతారు? ఇంటింటికీ ఫోను వచ్చింది. ఒకనాడు సన్నగా జల్లు పడుతుంటే అతని తమ్ముడు తిప్పేరుద్ర ఫోను మీది చినుకులు చొక్కాతో తుడుచుకుని, "ఈ పొద్దు వాన లేదంటన్నా" అని చదివి వినిపించాడు. వన్నూరప్ప నవ్వాడు. ఆ ఇంట్లో నేను విన్న చివరి నవ్వు అదే అనుకుంటాను.

ఇక ఆ పొద్దు సంగతి.

ఇంట్లో మూడు మూటల వేరుశనగ విత్తనం ఉంది. మిషనులో పడితే పప్పు బద్దలవుతుందని వన్నూరప్ప భార్య ముత్యాలక్క ఇరవై రోజులు చేత్తోనే ఒలిచింది. బొటనవేలి తోలు ఊడింది. రెండేళ్ళు వరసగా పంట పోయిన ఇల్లు అది. ఈ విత్తనం మట్టిపాలైతే మళ్ళీ విత్తడానికి గింజ లేదు.

ఎనిమిదిన్నరకు వన్నూరప్ప నా నీళ్ళు కొలిచాడు. పదకొండు మిల్లీమీటర్లు. మళ్ళీ సీసాలో పోసి మళ్ళీ కొలిచాడు. పదకొండే. చేను ఎగువన కూర్చుని తవ్వాడు. దిగువన ముత్యాలక్క తవ్వింది.

"తడి నాలుగు వేళ్ళే దిగిండాది," అంది ఆమె. "కిందంతా పొడి దుమ్మే."

"నాకూ అంతే," అన్నాడు.

రెండు చేతులూ ఒకే మాట చెప్పాయి. ఆ ఊరి పాత లెక్క ప్రకారం కథ అక్కడితో ముగిసిపోవాలి. తిప్పేరుద్ర ఫోను పట్టుకుని వచ్చాడు.

"అన్నా, ముప్పై ఎనిమిదంట! గ్రూపులో పెట్టిండారు. అందరూ విత్తుతాండారు, మనమే కూసోనుండాం."

"గొట్టంలో పదకొండే రా."

"అది నాయన కాలం గొట్టం. ఇంకా దాన్ని పట్టుకోని వేలాడు."

"చెయ్యి పెట్టి సూడు."

"చెయ్యేల? ఫోటోలు సూడు. ఇది సుంకప్ప గొర్రు. ఇది ఓబన్నది. ఇంతమంది ఎర్రోళ్ళా, మనమే తెలివిగలోళ్ళమా?"

ముత్యాలక్క చేతి మట్టి దులుపుకుంది. "ఇంతమందిలో ఒకడన్నా చేన్లో చెయ్యి పెట్టినాడా మరిదీ?"

"నువ్వు ఫోను సూడవు వదినా, నీకేం తెలుసు."

"ఫోను సూడనుగానీ విత్తనం ఒలిసింది నేను," అని బొటనవేలు చూపించింది.

వన్నూరప్ప తమ్ముడి చేతిలోంచి ఫోను తీసుకుని ఒక్కొక్క ఫోటో చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, నన్ను నేలలోంచి పెరికి, తలకిందులు చేసి, అడుగు చుట్టూ వేలితో తడిమాడు.

"కారుతాందేమో," అన్నాడు.

ఆ వేలి గోటి కింద పొడి మట్టి ఇంకా ఉంది. అది కూడా అబద్ధమేనని అనుకున్నాడేమో, పంచెకు తుడుచుకున్నాడు. "ఇంతమంది సెప్తాంటే..." అంటూ నన్ను మళ్ళీ గట్టు మీద నిలబెట్టి ఎద్దుల వైపు నడిచాడు. ముత్యాలక్క ఒక్క క్షణం నిలబడి, విత్తనం మూట తేవడానికి ఇంట్లోకి పోయింది. పొద్దు వాలేలోగా మూడు మూటలూ నేలలో పడ్డాయి.

ఆ ముప్పై ఎనిమిది ఎక్కడిదో తర్వాత తెలిసింది. గుట్టలకు అవతల, పద్దెనిమిది మైళ్ళ దూరంలోని మండలం మిషను చెప్పిన అంకె. ఒకడు పెట్టాడు, ఇంకొకడు పంపాడు. అంకె చూసి సుంకప్ప గొర్రు కట్టాడు. సుంకప్ప ఫోటో చూసి ఓబన్న కట్టాడు. ముప్పై నోళ్ళలో తిరిగింది ఒక్క గొంతే. ఏ నోరూ మట్టిని అడగలేదు.

పదిహేను రోజులు చినుకు లేదు. గింజలు ఆ నాలుగు వేళ్ళ తడి తాగి ఉబ్బాయి, పగిలాయి, సూదిమొనంత మొలక పెట్టాయి, ఎండిపోయాయి. మిగిలినవి చీమలు మోసుకుపోయాయి. ఆ ముప్పై ఎనిమిదిని ఎవరూ వెనక్కి తీసుకోలేదు. దాని మీద ఇంకో అంకె వచ్చింది, దాని మీద ఎవరిదో పెళ్ళి ఫోటో వచ్చింది. అబద్ధానికి చావు లేదు, సమాధి మాత్రం రోజుకొకటి కడతారు.

మనిషి మెదడు మారిపోయిందని చదువుకున్నవాళ్ళు చెబుతుంటారు. నాకంత తెలియదు. గట్టు మీద ఉండి చూసింది చెబుతాను. చేతికీ తలకూ నడుమ ఒక కాలిబాట ఉండేది. నడిచేవాళ్ళు లేక దాని మీద ముళ్ళు మొలిచాయి. ఆ పొద్దు వన్నూరప్ప ఆ బాటలో సగం దాకా వచ్చి వెనక్కి తిరిగాడు.

పదహారో రోజు మధ్యాహ్నం అన్నదమ్ములిద్దరూ సాలు వెంబడి గీకి చూశారు. ఖాళీ గింజ గుల్లలు తప్ప ఏమీ రాలేదు.

"నువ్వన్నా గట్టిగా సెప్పుండాల్సింది," అన్నాడు తిప్పేరుద్ర.

"సెప్పినా కదరా." వన్నూరప్ప అరచేతిలోని గుల్ల నలిపాడు. "నా మాట నేనే ఇనలేదు."

ముత్యాలక్క గంప దించింది. ముగ్గురూ నా పక్కనే గట్టు మీద కూర్చున్నారు. రాగిసంగటి ముద్దలు వడ్డించి, వాటి నడుమ ఊరిబిండి పచ్చడి పెట్టింది. మూటల అడుగున శేరు గింజలు మిగిలాయట. ఒక్క సాలుకు కూడా రావని వేయించి, మిరపకాయలు వేసి దంచింది. తిప్పేరుద్ర ముద్ద అద్దబోయి ఆగాడు. వదిన ముఖం చూశాడు. ఆమె తన ముద్ద తుంచుకుంటోంది. అతనూ అద్దుకున్నాడు.

ఉప్పు చాల్లేదని ఎవరూ అనలేదు. బాగుందని కూడా ఎవరూ అనలేదు. ముగ్గురూ తలలు వంచుకుని, విత్తనం అయిపోయేదాకా తిన్నారు.