నిన్నటి గది గాలి

ఏ ఊళ్ళో కచేరీ అయినా పిన్ని చేసే మొదటి పని ముసలమ్మ స్విచ్ వేయడం. ముసలమ్మ అంటే నలభై ఏళ్ళనాటి సింథసైజర్. ఒళ్ళు వేడెక్కితే గానీ శ్రుతిలో నిలబడదు. దానికి అరగంట పడుతుంది. ఆ అరగంటలో అది కిందటిసారి మోగిన గది గాలిని వెనక చిల్లుల్లోంచి మెల్లగా వదిలేస్తుంది. సముద్రం ఒడ్డు హాల్లో వాయించి వస్తే మర్నాడు ఎక్కడో మెట్ట ఊళ్ళో కుర్చీలకు ఉప్పు జిగట అంటుకుంటుంది. అందుకే హాలు కాపలాదార్లు తలుపు తీస్తూనే, "నిన్న ఎక్కడమ్మా? వానా?" అని అడుగుతారు. అవునంటే గోనెపట్టాలు తెచ్చి పరుస్తారు.

పిన్ని బృందానికంతా పిన్నే. వ్యాన్ తోలేది మాత్రం ఆమె సొంత బావ, అక్క మొగుడు. మూడేళ్ళ కిందట, "ఈ తిరుగుళ్ళు మానకపోతే ఇంటికి రావద్దు" అంది అక్క. "పిలిస్తేనే వస్తాను" అని ఆయన వ్యానెక్కాడు. ఆవిడ పిలవలేదు, ఈయన వెళ్ళలేదు. ఇద్దరికిద్దరే. మధ్యలో నలిగింది పిన్ని.

ఈసారి అక్క ఉండే ఊళ్ళోనే కచేరీ పడింది. అది అయ్యాక పిన్ని అక్క ఇంటికి బయల్దేరింది. ముసలమ్మను వ్యాన్‌లో వదిలే అలవాటు ఆమెకు లేదు. బావ దాన్ని వీధి మలుపు దాకా మోసి, అక్కడ దింపి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

అక్క మంచం మీద ఉంది. బట్టలు కుట్టే మిషన్ మీద దుప్పటి కప్పి ఉంది.

"గుండెకి ఆపరేషన్ చేయాలట. ఈ నెల్లోనే. తోడు లేకపోతే చేర్చుకోరట."

"నేనుంటాను."

"నీ కచేరీలు మానుకునా? అక్కర్లేదు."

"పోనీ బావకి చెబుతాను."

"చెప్పావంటే నా మీద ఒట్టే! జాలిపడి వచ్చే మొగుడు నాకొద్దు. అవన్నీ ఎందుకు గానీ, ఏదైనా వాయించు. విని ఎన్నాళ్ళయిందో."

ఇళ్ళల్లో ముసలమ్మ స్విచ్ వేయకూడదు, ఇంటి గుట్టు పక్క ఊళ్ళో బయటపడుతుంది. అది పిన్ని పెట్టుకున్న నియమమే. కానీ అక్క మొహం చూశాక ఆ నియమం గుర్తుకే రాలేదు, స్విచ్ వేసి వాయించింది.

మర్నాటి సాయంత్రం ఇంకో ఊరు, ఇంకో హాలు. పిన్ని స్విచ్ వేసింది. కాసేపటికి హాల్లో అక్క ఎప్పుడూ రాసుకునే నీలగిరి తైలం వాసన, దాంతోపాటు మందుల సీసాల వాసన కమ్ముకున్నాయి. వైర్లు కలుపుతున్న బావ చెయ్యి ఆగింది.

"ఇది మా గది" అన్నాడు.



ఆయన చిల్లుల దగ్గరికి మొహం పెట్టి గట్టిగా పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. "మిషన్ నూనె వాసన ఏది? ముప్పై ఏళ్ళలో ఆ మిషన్ ఒక్కరోజూ ఆగలేదు. మరదలా, మీ అక్క కుట్టడం లేదా?"

ఒట్టు నోటికి అడ్డంపడింది. పిన్ని తల వంచుకుని శ్రుతి సరిచేసే మీట తిప్పుతూ కూర్చుంది. కళ్ళనీళ్ళు మాత్రం ఆగలేదు.

బావ ఆ అరగంటా అక్కడే నిలబడ్డాడు. గాలి అయిపోయాక జేబులోంచి వ్యాన్ తాళాలు తీసి ముసలమ్మ మీద పెట్టాడు. "నువ్వే తోలుకుపో. రెండో గేరు కాస్త మొరాయిస్తుంది, బతిమాలుకో" అని బస్టాండు వైపు నడిచాడు.

రెండు రోజులకి అక్క ఫోన్ చేసింది.

"ఒట్టు పెట్టినా చెప్పేశావు కదే, దొంగమొహమా!"

"నీ మీద ఒట్టే, నేను నోరు విప్పలేదు."

"మరి ఈయనకెలా తెలిసింది? జాలీ లేదు, గీలీ లేదు. మిషన్ ఎందుకాగిందని వీధిలోంచే కేకలేస్తూ వచ్చాడు."

"ఇప్పుడేం చేస్తున్నాడు?"

"మిషన్‌కి నూనె వేశాడు. ఇప్పుడు ఆస్పత్రికి సంచి సర్దుతున్నాడు. నాకు రెండు జతల బట్టలు పెట్టాడు, తనకి నాలుగు."