వెనక గది

పొద్దున్నే ఇస్త్రీపెట్టె వేడెక్కేలోపు దర్జీ ఒక పని చేసేవాడు. భార్యని దుకాణం గుమ్మం దగ్గర వెలుతుర్లో నిలబెట్టి, ఆమె చొక్కాకి ముందువైపు తను కుట్టిన చిన్న రెక్క గుండీలు విప్పి, ఛాతీమీది కిటికీలోంచి గుండె చూసేవాడు. మిగతా ఇళ్ళలో మగవాళ్ళు గుమ్మంలోకొచ్చి ఇవాళ వాన పడుతుందా అని ఆకాశం వంక చూస్తారే, అలాగ.

"ఎలా ఉంది?" అనేది ఆవిడ, గడ్డం పైకెత్తి ఎదురింటి గోడ చూస్తూ.

"దివ్యంగా ఉంది. పద, టీ పెట్టు."

ఆవిడ ఆ కిటికీతోనే పుట్టింది. అరచేయంత వెడల్పున, గోటిలా గట్టిగా, మంచినీళ్ళలా తేటగా ఉండే పొర. దాని వెనక, పిడికిలంత గుండె కొంచెం ఎడమకి వాలి, తన పని తను చేసుకుంటూ ఉండేది. వీధిలో దానికి వింతపడేవాళ్ళెవరూ లేరు. పొడుగ్గా ఉన్నావిణ్ణి పొడుగావిడ అన్నట్టే ఈవిణ్ణి కిటికీ ఆవిడ అనేవాళ్ళు. పిల్లలు అన్నం దగ్గర మారాం చేస్తే తల్లులు ఎత్తుకొచ్చి, "అదిగో, కిటికీ అత్త గుండె చూడు, ఆఁ అను" అని ముద్ద పెట్టేవాళ్ళు. ఆవిడ విసుక్కోకుండా గుండీలు విప్పి నిలబడేది.

పెళ్ళి మాటలు జరిగిన రోజున, పిల్లకి ఇష్టమేనా అని దర్జీ మేనమామ అడిగాడట. పిల్ల తల్లి నవ్వి, "అడగడం దేనికి అన్నయ్యగారూ, చూసుకోండి" అని కిటికీ చూపించింది. లోపల గుండె ఎవరో తరుముతున్నట్టు పరిగెడుతోంది. దర్జీ ఆ క్షణాన్నే ప్రేమలో పడిపోయాడు. తనని చూసి ఒక గుండె అలా కొట్టుకోవడం కళ్ళారా చూసిన మగవాడు ఇంకెక్కడికి పోతాడు?

కానీ అక్కడే అతనికి ఒక చెడ్డ అలవాటు పట్టుకుంది. భార్యని ఏదైనా అడిగి, జవాబు వినకుండా గుండీలు విప్పేవాడు.

"కోపమొచ్చిందా?"

"లేదండీ."

"గుండె అలా అనడం లేదే!"

"మెట్లెక్కి వచ్చాను. దడదడలాడదా మరి?"

"నాకు చెప్పకు. నాకు కనిపిస్తూనే ఉంది."

మనిషి ఒకటంటే గుండె ఒకటన్నప్పుడల్లా దర్జీ గుండె పక్షమే. ఆవిడ మొదట్లో వాదించేది, తర్వాత నవ్వి ఊరుకునేది, ఆ తర్వాత ఊరికే ఊరుకునేది.

వాళ్ళకి ఒక్కతే కూతురు. దానికి కిటికీ రాలేదు. దర్జీకి అదో వెలితి. "దీని మనసులో ఏముందో తెలిసి చావదు" అని గొణుక్కునేవాడు.

"అడిగితే చెప్తా కదా నాన్నా" అనేది ఆ పిల్ల.

కిటికీ ఆవిడ నర్సుల బడిలో పనిచేసేది. పనంటే, పాఠం. మేడమీది గదిలో బల్ల పక్కన ఆవిడ నిలబడితే, కళ్ళజోడు పంతులమ్మ సన్నటి కర్ర పట్టుకుని రక్తం దారి చెప్పేది. పంతులమ్మ మంచి మనిషి. కర్ర కొస గుచ్చుకోకుండా దానికి దూది చుట్టి పెట్టింది.

"ఒళ్ళంతా తిరిగి అలిసిపోయిన నల్లరక్తం ఇదిగో, ఈ రెండు పెద్ద నాళాల్లోంచి కుడివైపు పైగదిలోకి దిగుతుంది. అక్కణ్ణించి మూడు రెక్కల తలుపు తోసుకుని కిందగదిలోకి. మన తలుపుల్లా కావివి. వెళ్ళేటప్పుడే తెరుచుకుంటాయి, వెనక్కి రాబోతే మూసుకుపోతాయి. కిందగది ఒక్క పిండు పిండితే రక్తం ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి, గాలి పట్టించుకుని, ఎర్రబడి తిరిగొస్తుంది. ఎక్కడికి? ఎడమవైపు పైగదికి. అది వెనకవైపుంటుంది, మనకి ఇక్కణ్ణించి కనబడదు, పుస్తకంలో బొమ్మ చూసుకోండి. అక్కణ్ణించి రెండు రెక్కల తలుపు దాటి ఎడమ కిందగదికి. అది అన్నిట్లోకీ బలమైంది. ఒళ్ళంతటికీ రక్తాన్ని తోసేది అదే."

ఏటేటా అదే పాఠం. "వెనకవైపుంటుంది, బొమ్మ చూసుకోండి" అన్న మాట రాగానే పిల్లలు తలలు దించుకుని పేజీలు తిప్పేవాళ్ళు. ఆ కాసేపూ కిటికీ ఆవిణ్ణి చూసేవాళ్ళు ఉండరు. అప్పుడే ఆవిడ ఒంటికాలి మీంచి ఇంకో కాలి మీదకి మారేది.

ఆయాసం ఆ మెట్ల దగ్గరే మొదలైంది. ముందు పైమెట్టు దగ్గర ఆగేది, తర్వాత సగంలో ఆగేది.

"ఏమండీ, ఊపిరి అందడం లేదు" అంది ఒకరోజు.

దర్జీ నోట్లో ఉన్న గుండుసూదులు తీసి పక్కనపెట్టి, గుండీలు విప్పాడు. "లక్షణంగా కొట్టుకుంటోంది. వయసొస్తోంది కదా, మెల్లిగా ఎక్కు."

పంతులమ్మకి చెప్పింది. పంతులమ్మ కళ్ళజోడు సవరించుకుని కిటికీలోకి తొంగిచూసి, "నా కళ్ళముందే ఉందిగా, నీకేం భయం లేదు" అంది. వీధి చివర డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయనకి ఆవిడంటే ముచ్చట. గుండె చప్పుడు వినే గొట్టం మెడలోనే ఉంచి, టార్చిలైటు వేసి చూశాడు. "కళ్ళకి ఇంత స్పష్టంగా కనబడుతుంటే గొట్టం దేనికమ్మా? బలానికి మాత్రలు రాస్తాను."

గుండె కనబడని మనిషి చెప్తే వినేవాళ్ళేమో. ఆవిడకి కిటికీ ఉండడమే తప్పయిపోయింది.

చలికాలం వచ్చేసరికి ఆవిడ వెల్లకిలా పడుకోలేకపోయింది. ఒక దిండు మీద ఇంకో దిండు వేసుకుంది. అవీ చాలక చివరికి దర్జీ కుర్చీలో కూర్చుని, మిషను బల్ల మీద తల వాల్చి నిద్రపోవడం మొదలుపెట్టింది. పొద్దున అతను లేచి చూస్తే చెంప మీద స్కేలు అచ్చు పడి ఉండేది. అప్పట్నించే కిటికీకి ఆవిరి పట్టసాగింది. దర్జీ మెత్తటి గుడ్డ తీసుకుని, దాని మీద నోటితో ఊది, ఓపిగ్గా తుడిచేవాడు. ఎంత తుడిచినా పోయేది కాదు. అది లోపలివైపున ఉంది.

"నీళ్ళు పోసుకునేటప్పుడు సబ్బుతో కడుక్కోవచ్చుగా" అని చిరాకుపడ్డాడు.

కొన్నాళ్ళకి ఇంకో మార్పొచ్చింది. కిటికీ నిండా కనబడే ఆ ముందరి గది, కుడివైపు కిందగది, లావెక్కింది. దెబ్బ గట్టిగా కొడుతోంది. దర్జీ సంతోషం పట్టలేకపోయాడు. కూతుర్ని పిలిచి మరీ చూపించాడు.

"చూశావా, మాత్రలు పట్టాయి! గుండె ఎలా కండపట్టిందో చూడు."

కూతురు గుండె చూడలేదు. తల్లి కాళ్ళు చూసింది. "అమ్మ పాదాలు వాచాయి నాన్నా."

"రోజంతా నిలబడే ఉద్యోగం, వాయవూ?"

"నాకు ఆ బడికి వెళ్ళాలని లేదండీ" అంది భార్య. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటోంది. "లోపల ఎవరో వెనక్కి తోస్తున్నట్టుంది. వెనకాల. ఇక్కడ." చెయ్యి వీపు మీదకి పెట్టబోయింది. అందలేదు.

దర్జీకి ఒళ్ళు మండింది. పెళ్ళి బట్టలు కుప్పగా పడి ఉన్నాయి, ఒక్కటీ తెమలలేదు. "పనికి ఒళ్ళు వంగక చెప్పే కబుర్లివి. ఇంత బలంగా కొట్టుకునే గుండె పెట్టుకుని ఎవర్ని నమ్మిస్తావు?"

ఆవిడ గుండీలు తనే పెట్టుకుని బడికి వెళ్ళింది.

ఆ రోజు పాఠం ఎన్నడూ లేనంత బాగా సాగుతోంది. గుండె పెద్దదవడంతో వెనక వరసలో పిల్లలకి కూడా కనబడుతోందని పంతులమ్మ ముచ్చటపడింది. "ఎడమ పైగది వెనకవైపుంటుంది, బొమ్మ చూసుకోండి" అంది. అందరూ పేజీలు తిప్పారు. ఒక అమ్మాయి మాత్రం పుస్తకం ఇంట్లో మర్చిపోయి వచ్చింది. చూడ్డానికి బొమ్మ లేక, ఆ పిల్ల కిటికీ ఆవిడ మొహం చూసింది. పెదాలు నీలంగా ఉన్నాయి.

"మేడమ్, మరి ఆ వెనక గదిలో ఎలా ఉందో ఎలా తెలుస్తుంది?"

పంతులమ్మ నోరు తెరిచేలోపే కిటికీ ఆవిడ జవాబు చెప్పింది. అన్నేళ్ళలో ఆవిడ ఆ గదిలో మాట్లాడ్డం అదే మొదలు.

"నన్నడిగితే తెలుస్తుంది" అంది. "ఎవరూ అడగలేదమ్మా."

ఆ వెంటనే దగ్గు తెర వచ్చింది. చేతిరుమాలులో గులాబిరంగు నురగ. పంతులమ్మ కర్ర పారేసి పరిగెత్తుకొచ్చి, పడిపోకుండా వెనకనించి వాటేసుకుంది. అలా వాటేసుకున్నప్పుడు ఆమె చెవి ఆవిడ వీపుకి ఆనింది. లోపల తడిబట్ట మీద ఇస్త్రీపెట్టె పెట్టినట్టు చప్పుడు. పంతులమ్మ మొహం పాలిపోయింది.

పెద్దాసుపత్రిలో డాక్టరు కిటికీ జోలికి పోకుండా వీపంతా గొట్టం పెట్టి విన్నాడు. దర్జీని పక్కకి పిలిచాడు. రెండు రెక్కల తలుపు దాదాపు మూసుకుపోయిందన్నాడు. చిన్నప్పుడెప్పుడో గొంతునొప్పితో, కీళ్ళనొప్పులతో వచ్చిన జ్వరం ఆ రెక్కల్ని ఒకదానికొకటి అతికించేసిందట. రక్తం ముందుకి వెళ్ళే దారిలేక వెనక గదిలో నిండి, ఊపిరితిత్తుల్లోకి ఎగదన్నింది. ఆ బరువుకి ఎదురు తోసీ తోసీ ముందరి గది ఉబ్బిపోయింది.

"అంటే... అది బలం కాదా?" అన్నాడు దర్జీ.

"కాదు. బాగా ఆలస్యం చేశారు."

కండపట్టిందని కూతురికి చూపించి మురిసిపోయిన చెయ్యి ఎక్కడ దాచుకోవాలో దర్జీకి తెలియలేదు.

ఆ మధ్యాహ్నం ఆవిడ మంచమ్మీద కూర్చునే ఉంది, ముందుకి వాలి. దర్జీ అలవాటుకొద్దీ గుండీలు విప్పి కిటికీ దగ్గర మొహం పెట్టాడు. ఆవిరి పట్టిన పొర వెనక గుండె తడబడుతోంది, ఆగుతోంది, మళ్ళీ కదులుతోంది. అతను గుడ్డ కోసం జేబు తడుముకున్నాడు.

"అటు కాదండీ" అంది ఆవిడ. అతని గడ్డం పట్టుకుని పైకి తిప్పింది. "ఇటు. నా మొహం చూడండి."

చూశాడు. బుగ్గలు లోపలికి పోయాయి. కళ్ళకింద నలుపు. పెదాల చివర, పెళ్ళయిన కొత్తలో లేని రెండు గీతలు. ఇవన్నీ ఎప్పుడొచ్చాయో అతనికి తెలియదు.

"ఎలా ఉందే నీకు?" అని అడిగాడు. గుండె చూడకుండా అడగడం అతనికి అదే మొదలు.

"బాగాలేదండీ" అంది. చెప్పనిచ్చినందుకే కాస్త తేలికపడ్డట్టు కనబడింది. "చాన్నాళ్ళ నుంచీ బాగాలేదు."

గుండె ఎప్పుడు ఆగిందో దర్జీ చూడలేదు. మొహమే చూస్తూ ఉండిపోయాడు. కూతురొచ్చి భుజం మీద చెయ్యి వేసేదాకా తెలియలేదు.

అన్నీ అయిపోయాక, మళ్ళీ మిషను తిరగడం మొదలయ్యాక, కూతురి ఛాతీమీద చర్మం పలచబడటం మొదలైంది. వానాకాలానికి కిటికీ తేటపడింది. తల్లి గాజులు కూతురికి వచ్చినట్టే ఇదీ వచ్చిందనుకున్నారు వీధివాళ్ళు. పిల్లల్ని చంకనేసుకుని తల్లులు మళ్ళీ రావడం మొదలుపెట్టారు. దర్జీ కూతురికి కొత్త చొక్కాలు కుట్టాడు. వాటికి ముందువైపు రెక్క పెట్టలేదు, గుండీలకి కాజాలు తియ్యలేదు. బడి నుంచి పంతులమ్మ స్వయంగా వచ్చింది గానీ, పాఠం మాట ఎత్తలేకపోయింది. కాసేపు కూర్చుని, కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది.

ఒక పొద్దున కూతురు నీళ్ళ బిందె గుమ్మంలో దించి, అక్కడే కూర్చుండిపోయింది.

"నాన్నా, కొంచెం ఆయాసంగా ఉంది."

దర్జీ చేతిలో కత్తెర ఆగిపోయింది. చెయ్యి తనంతట తనే పిల్ల చొక్కా వైపు సగందాకా వెళ్ళింది. దాన్ని వెనక్కి తీసుకుని, కత్తెర పక్కన పెట్టి, కుర్చీ లాక్కుని పిల్ల ఎదురుగా కూర్చున్నాడు.

"చెప్పు తల్లీ. మొదట్నించీ చెప్పు."

చెప్పింది. ఎప్పట్నించి, ఎక్కడ ఆగాల్సి వస్తోంది, ఎటు తిరిగి పడుకుంటే బాగుంటోంది. అమ్మ ఉన్నప్పుడే ఒక చలికాలం గొంతు వాచి జ్వరమొచ్చి, మోకాళ్ళు పట్టేశాయి గుర్తుందా అంది. అతనికి గుర్తులేదు. అన్నీ విన్నాక పిల్లని వెనక్కి తిప్పి వీపుకి చెవి ఆనించాడు. పంతులమ్మ చెప్పిన తడిబట్ట చప్పుడు కాదు కదా, ఏ చప్పుడూ వినిపించలేదు. అయినా లేచి ఇస్త్రీపెట్టె ఆర్పి, పెళ్ళివాళ్ళ బట్టలు ఉన్నవి ఉన్నట్టే వదిలేసి, దుకాణం మూశాడు.

పెద్దాసుపత్రిలో ఈసారి వేరే డాక్టరు, కుర్రాడు. అమ్మాయి చొక్కా మెడ కాస్త కిందికి లాగగానే కిటికీ కనబడింది. కుర్రాడి కళ్ళు మెరిశాయి. "అబ్బ, ఎంత చక్కగా కొట్టుకుంటోందో!" అంటూ వంగాడు.

దర్జీ తన అరచెయ్యి తీసి ఆ కిటికీ మీద మూతలా పెట్టాడు.

"ముందు పిల్లని అడగండి బాబూ" అన్నాడు. "అది చెబుతుంది."

కుర్రాడు దర్జీ మొహం చూసి, కుర్చీలో కూర్చుని, అమ్మాయిని అడిగాడు. ఆమె చెప్పింది. తర్వాత గొట్టం పెట్టి, పక్కకి తిరగమని, ఊపిరి బిగబట్టమని, చాలాసేపు విన్నాడు. దర్జీ చెయ్యి తియ్యలేదు. దాని కింద గుండె కొట్టుకోవడం అరచేతికి తెలుస్తూనే ఉంది, కానీ దాన్ని బట్టి ఏమీ అనుకోలేదు.

"తలుపు రెక్కలు ఇప్పుడిప్పుడే అతుక్కుంటున్నాయి" అన్నాడు డాక్టరు చివరికి. "మందులుంటాయి, అవసరమైతే తెరిపించవచ్చు. తొందరగానే తీసుకొచ్చారు."

తొందరగానే అన్న ఆ ఒక్క మాట దగ్గర దర్జీ నిలబడలేకపోయాడు. గది బయటికి వచ్చి, గోడకి మొహం పెట్టుకుని, భార్య పోయిన రోజున రాని ఏడుపంతా ఏడ్చాడు. వెనకే కూతురొచ్చి, చొక్కా సర్దుకుంటూ, "నాన్నా, ఎలా ఉంది నీకు?" అని అడిగి, అతను చెప్పేదాకా పక్కనే నిలబడింది.